లాస్సెని పదిహేను వాటాలు వేశారట. అంత అవసరమా?

రాత్రిపూట చదువరి:

రెండు వారాలుగా దక్షిణ ధ్రువ యాత్రల మీద పడ్డాను. నిన్న రాత్రి ఒక పేరా దగ్గర ఆగి పుస్తకం మూసేశాను, ఇంకా తెరవలేదు. 1911 డిసెంబరు. నార్వే యాత్రికుడు అముండ్సెన్, ఇంకో నలుగురు ధ్రువం చేరుకుని వెనక్కి బయల్దేరారు. ఆ తిరుగు ప్రయాణంలో మొదట చంపిన కుక్క లాస్సె. ఎవరి కుక్కో కాదు, అముండ్సెన్ సొంత కుక్కే, ఆయనకి అన్నిట్లోకీ ఇష్టమైనది. లాగి లాగి దాని ఓపిక అయిపోయింది. ఇక పనికిరాదని చంపేసి, వీలైనంత సమానంగా పదిహేను వాటాలు వేసి మిగతా కుక్కలకి పెట్టారు. ఇదేమీ ఎవరో బయటపెట్టిన రహస్యం కాదు, ఆయనే రాసుకున్నాడు. చంపారన్న మాట కంటే ఆ పదిహేను అన్న అంకె దగ్గరే నాకు గొంతు పట్టేసింది.

నాకు రెండు సందేహాలు. ఇది నిజంగా తప్పనిసరా, లేక పోటీ తొందరలో చేసిన పనా? ఇక రెండోది, అదే ఏడాది ధ్రువానికి పోటీపడ్డ బ్రిటన్ నాయకుడు స్కాట్ దగ్గరా కుక్కలున్నాయి కదా, మరి ఆయన వాటిని ధ్రువం దాకా ఎందుకు తీసుకెళ్లలేదు? స్కాట్‌ది మెత్తని మనసని, అందుకే ఓడిపోయాడని ఒక స్నేహితురాలు అంది. నమ్మాలని ఉంది గానీ ఎక్కడో అనుమానం.

ముందే చెప్పేస్తున్నా, మా కుక్కకి పదకొండేళ్లు. ఇది టైపు చేస్తుంటే నా పాదాల మీద తల పెట్టుకుని గురక పెడుతోంది. కాబట్టి నేను తటస్థంగా అడగడం లేదు.

లెక్కలాయన:

అంకెలు చూస్తే సగం సందేహం తీరిపోతుంది. 1911 అక్టోబరులో ఫ్రామ్‌హైమ్ స్థావరం నుంచి బయల్దేరింది ఐదుగురు మనుషులు, నాలుగు స్లెడ్జిలు, 52 కుక్కలు. తిరిగొచ్చింది 1912 జనవరి 25న. మొత్తం 99 రోజులు. కుక్కకి రోజుకి సుమారు అరకిలో పెమ్మికన్ అనుకోండి. (ఎండు మాంసం పొడిలో కొవ్వు కలిపి అచ్చుపోసిన గట్టి ముద్ద అది.) 52 కుక్కల్నీ బతికించి వెనక్కి తేవాలంటే రెండున్నర టన్నుల తిండి కావాలి. అంత బరువు లాగడానికి ఇంకా కుక్కలు కావాలి. వాటికి మళ్లీ తిండి. ఎంత సాగదీసినా ఈ లెక్క తేలదు.

తేలాలంటే దారి ఒక్కటే. తిండి తిన్నకొద్దీ బండి బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే అన్ని కుక్కలు అక్కర్లేదు. అక్కర్లేని కుక్క మిగతావాటికి తిండి అవుతుంది. ఏ కుక్కని ఏ రోజున చంపాలో బయల్దేరకముందే లెక్క వేసుకున్నానని అముండ్సెన్ రాశాడు. ఆక్సెల్ హైబర్గ్ హిమానీనదం మీదుగా 42 కుక్కలు పీఠభూమి పైకి చేరాయి. అక్కడ ఒక్క రోజున 24ని చంపారు. 18తో ముందుకెళ్లారు. 11 ఇంటికొచ్చాయి.

కాబట్టి తొందరలో చేసిన పని కాదండీ. తీరిగ్గా కూర్చుని వేసుకున్న లెక్క. దానివల్ల మీకు ఊరట కలుగుతుందో, ఇంకా బాధ కలుగుతుందో నాకు తెలియదు.

పాత పశువైద్యుడు:

లెక్కలాయన లెక్క సరైనదే. కానీ ఈ కథలో గుర్రాల సంగతి తెలియకపోతే కుక్కల సంగతి సగమే అర్థమవుతుంది. నేను ముప్పై ఏళ్లకు పైగా పశువుల డాక్టరుగా చేసినవాణ్ణి, అందుకని కొంచెం సాగదీస్తాను, ఓర్చుకోండి.

స్కాట్ అంటార్కిటికాకి 19 పొట్టి గుర్రాలు, ముప్పైకి పైగా కుక్కలు, మూడు మోటారు స్లెడ్జిలు తీసుకెళ్లాడు. మోటారు బళ్లలో ఒకటి ఓడ నుంచి దించుతుండగానే మంచు పగిలి సముద్రంలో పడిపోయింది. అది వదిలేద్దాం. గుర్రాల్ని ఎలా కొన్నారో వినండి: తెల్లవి మాత్రమే కొనమన్నారు! అంతకుముందు షాకిల్టన్ యాత్రలో ముదురు రంగువి ముందు చచ్చిపోయాయని. జంతువుని కొనేటప్పుడు పళ్లు చూస్తాం, కాళ్లు చూస్తాం, నడిపించి చూస్తాం. రంగు చూసి కొంటే ఏం దొరుకుతుంది? స్కాట్ బృందంలో గుర్రాల సంగతి బాగా తెలిసిన ఓట్స్ వాటిని చూసి తల పట్టుకున్నాడు. అవి ముసలివి, కుంటివి.

సరే, మంచి గుర్రాలే అనుకుందాం. గుర్రానికి ఒళ్లంతా చెమట పడుతుంది. మంచుగాలిలో ఆ చెమట బొచ్చు మీదే గడ్డకడుతుంది. అందుకే మనుషులు రోజంతా నడిచి, మజిలీ చేరాక గుర్రాల కోసం మంచు ఇటుకలు కోసి గోడ కట్టేవాళ్లు. కుక్క అలా కాదు. దానికి చెమట దాదాపు పాదాల అడుగునే. మిగతా వేడంతా నాలుక చాపి ఒగర్చి బయటికి పంపుతుంది. పాదంలో ధమని, సిరలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. కిందికి వెళ్లే వేడి రక్తం పైకి వచ్చే చల్లని రక్తాన్ని దారిలోనే వెచ్చబరుస్తుంది. అందుకే మంచు మీద నిలబడ్డా పాదం గడ్డకట్టదు, ఒంట్లో వేడీ పోదు. రాత్రి చుట్టచుట్టుకుని తోకతో ముక్కు కప్పుకుంటే, పైన పడిన మంచే దానికి దుప్పటి. దానికి ఏ గోడా కట్టక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్దది తిండి. ఆ మంచు మీద ఒక్క గడ్డిపోచ మొలవదు, గుర్రం తినే ప్రతి గింజా ఓడలో తేవాల్సిందే. కుక్కకి ఒడ్డున సీల్ మాంసం కావలసినంత దొరుకుతుంది. చలి తగ్గేదాకా గుర్రాల్ని కదిలించలేక స్కాట్ నవంబరు 1 దాకా ఆగాడు. అప్పటికి అముండ్సెన్ బయల్దేరి పదిరోజులు దాటింది. (అముండ్సెన్‌కీ తొందర లేకపోలేదు. సెప్టెంబరులోనే ఒకసారి బయల్దేరి, మైనస్ 50 దాటిన చలికి తోక ముడిచి వెనక్కొచ్చాడు. కుక్కలకీ ఒక హద్దుంది.)

ఇక స్కాట్ కుక్కల్ని ఎందుకు నమ్మలేదు? నా ఉద్దేశంలో దానికి కారణం 1902 నాటి చేదు అనుభవం. తన మొదటి యాత్ర అయిన డిస్కవరీ యాత్రలో స్కాట్, షాకిల్టన్, విల్సన్ 19 కుక్కలతో దక్షిణానికి వెళ్లారు. ముగ్గురిలో ఎవరికీ కుక్కల్ని తోలడం సరిగ్గా రాదు. వాటికోసం తెచ్చిన ఎండుచేప ఉష్ణమండలం దాటేటప్పుడు ఓడలోనే పాడైపోయింది. అది తిన్న కుక్కలు ఒక్కొక్కటీ కూలిపోయాయి. కొన్నిటిని చంపి మిగతావాటికి పెట్టారు. ఒక్కటీ బతకలేదు. తిండి చెడితే జబ్బు చేసింది, జబ్బు చేస్తే లాగలేకపోయాయి, లాగలేకపోతే తప్పు కుక్కలదైంది. ఇలాంటి నిర్ధారణలు నేను నా ఉద్యోగంలో చాలా విన్నాను, "ఈ జాతే అంతండీ" అని.

అదే ఉష్ణమండలం మీదుగా అముండ్సెన్ 97 గ్రీన్‌లాండ్ కుక్కల్ని తీసుకొచ్చాడు. డెక్ వేడికి అవి ఉడికిపోకుండా దాని మీద విడిగా ఇంకో చెక్క నేల వేయించాడు, నీడకి పైన గుడ్డ కట్టించాడు, కుక్కల్ని జట్లుగా మనుషులకి అప్పగించాడు. దారిలో పిల్లలు పుట్టి, దిగేసరికి 116 అయ్యాయి. నన్నడిగితే ధ్రువం పందెం ఆ డెక్ మీదే సగం తేలిపోయింది.

రాత్రిపూట చదువరి:

డాక్టరు గారూ, చాలా థాంక్స్. ఆ చెక్క నేల సంగతి నాకు తెలియదు. కానీ అదే నాకు ఇంకా మింగుడు పడటం లేదు. కాళ్లు కాలకుండా చూసుకున్న మనిషే తర్వాత వాటాలు వేయించాడు కదా. మరి స్కాట్ మెత్తని మనసు సంగతేమిటి? అది నిజమా, తర్వాత అల్లిన కథా?

మధ్యేమార్గం:

ఇక్కడ స్కాట్ తరఫున ఎవరైనా మాట్లాడాలి కాబట్టి నేను మాట్లాడతాను.

మెత్తని మనసు నిజమే. 1902లో కుక్కల్ని చంపే పని విల్సన్ చేసేవాడు. ఆ పని తన చేతులతో చేయలేకపోయినందుకు సిగ్గుపడుతున్నానని స్కాట్ తర్వాత ఒప్పుకున్నాడు. 1911 ఫిబ్రవరిలో మంచు కింద దాగిన పగులులోకి ఒక కుక్కల జట్టు మొత్తం జారిపోయింది. ముందున్న ఓస్మాన్ మాత్రం అంచున గోళ్లు దిగేసి పట్టుకుంది, మిగతావి జీనుకి వేలాడుతున్నాయి. వాటిని పైకి లాగాక చూస్తే రెండు తక్కువ. జీను నుంచి జారి, లోపల ఇరవై మీటర్ల దాకా కిందున్న మంచు అరుగు మీద పడి ఉన్నాయి. నాయకుడైన స్కాట్ తానే తాడు కట్టుకుని దిగాడు. పక్కవాళ్లు వద్దన్నా వినలేదు. రెంటినీ పైకి తెచ్చాడు.

కానీ అందుకే ఓడిపోయాడనడం సరికాదు, ఎందుకంటే చివరికి ఆయనా చంపాడు. కుక్కల్ని కాదు, గుర్రాల్ని. బియర్డ్‌మోర్ హిమానీనదం మొదట్లో, 1911 డిసెంబరు 9న మిగిలిన ఐదు గుర్రాల్నీ కాల్చేశారు. మాంసం మనుషులూ తిన్నారు, కుక్కలూ తిన్నాయి. ఆ మజిలీకి వాళ్లు పెట్టిన పేరు షాంబుల్స్ క్యాంప్. షాంబుల్స్ అన్న మాటకి పాత అర్థం కబేళా. అముండ్సెన్ మనుషులు 24 కుక్కల్ని చంపిన చోటుకి పెట్టిన పేరేమిటో తెలుసా? కసాయి కొట్టు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, మూడు వారాలైనా తేడా లేకుండా ఇద్దరూ ఒకే పేరు పెట్టుకున్నారు.

కుక్కలు మాత్రం బియర్డ్‌మోర్ కింది నుంచే వెనక్కి మళ్లాయి, డిసెంబరు 11న. నిండా పగుళ్లున్న ఆ హిమానీనదం కుక్కల వల్ల కాదని స్కాట్ అభిప్రాయం. అక్కడి నుంచి మనుషులే జీను కట్టుకుని లాగారు. మనిషి తన బలంతో లాగడంలో ఒక గొప్పతనం ఉందని ఆ కాలపు బ్రిటిష్ నౌకాదళం నమ్మేది. స్కాట్ కూడా మొదటి యాత్ర తర్వాత అలాగే రాశాడు. కుక్కల్ని తీసుకెళ్లమని నార్వే ధ్రువ యాత్రికుడు నాన్సెన్ చెప్పాడు, తీసుకెళ్లాడు కూడా. మనసులో మాత్రం వాటికి రెండో వరసే.

నాకు అసలు బాధ ఇంకోచోట. తిరుగు ప్రయాణానికి ముందే తిండి దాచిపెట్టే వన్ టన్ డిపోని దక్షిణ అక్షాంశం 80 డిగ్రీల దగ్గర పెట్టాలనుకున్నారు. గుర్రాలు నీరసించాయని 79 డిగ్రీల 29 నిమిషాల దగ్గరే ఆపేశారు. గుర్రాలు పోతే పోనీ, ముందుకెళ్దామన్నాడు ఓట్స్. స్కాట్ ఒప్పుకోలేదు. పదమూడు నెలల తర్వాత, ధ్రువం నుంచి తిరిగొస్తూ స్కాట్, విల్సన్, బవర్స్ ఆఖరి డేరా వేసి చనిపోయింది ఆ డిపోకి దక్షిణంగా సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలోనే. అనుకున్న చోటే పెట్టి ఉంటే, ఆ డేరా చోటుకి రాకముందే డిపో తగిలేది. మెత్తని మనసు వల్ల నష్టం జరిగిందంటే అక్కడ జరిగింది, అదీ గుర్రాల విషయంలో.

అదే మార్చి 4 నుంచి 10 దాకా స్కాట్ బృందంలోని చెర్రీ-గరార్డ్, సైబీరియా నుంచి వచ్చిన కుక్కల సారథి ద్మీత్రీ ఆ డిపో దగ్గరే కుక్కల జట్లతో స్కాట్ కోసం ఎదురుచూశారు. డిపోలో కుక్కలకి తిండి లేదు. కుక్కల్ని ప్రమాదంలో పెట్టొద్దని ఆదేశం. ముందుకెళ్లాలంటే కొన్నిటిని చంపి మిగతావాటికి పెట్టాలి. వెళ్లలేదు, వెనక్కి తిరిగారు. చెర్రీ ఆ నిర్ణయాన్ని చచ్చేదాకా మోశాడు. అక్కడ ఆ రోజు అముండ్సెన్ లెక్క ఎవరైనా వేసి ఉంటే ఏమయ్యేదో!

ఉత్తరపు గాలి:

అందరూ నార్వే, బ్రిటన్ అంటున్నారు. ఈ విద్య ఆ రెండు దేశాలదీ కాదు. అముండ్సెన్ 1903 నుంచి వాయవ్య జలమార్గం వెతుకుతూ గ్యోవా అనే చిన్న ఓడలో వెళ్లి, రెండు చలికాలాలు కెనడా ఆర్కిటిక్‌లో అక్కడి ఆదివాసులైన నెట్సిలిక్ ఇనుయిట్ల పక్కన ఉన్నాడు. కుక్కల్ని ఎలా తోలాలి, స్లెడ్జి పట్టాలకి నీటి పొర గడ్డకట్టించి ఎలా నున్నగా చేయాలి, చెమట పట్టకుండా తోలు బట్టలు వదులుగా ఎలా వేసుకోవాలి, అన్నీ వాళ్ల దగ్గరే చూసి నేర్చుకున్నాడు. ఆ వినయమే ఆయన గొప్ప అంటాను నేను. 1909లో ఉత్తర ధ్రువం చేరానన్న అమెరికన్ పియరీ మాట మీద వివాదం ఇప్పటికీ ఉంది. కానీ కేప్ కొలంబియా నుంచి బయల్దేరిన 133 కుక్కల్ని తోలినవాళ్లలో ఎక్కువమంది ఇనుయిట్లే. చివరి దశలో పియరీ పక్కన ఉన్నది ఆయన సహచరుడు మాథ్యూ హెన్సన్, నలుగురు ఇనుయిట్లు: ఊటా, సీగ్లూ, ఎగింగ్వా, ఊకేయా.

చదువరి గారూ, మీ ప్రశ్నకి దగ్గరగా ఉండేది మాత్రం నాన్సెన్ కథ. 1895 మార్చిలో ఆయన, యోహాన్సెన్ ఇద్దరే 28 కుక్కలతో ఓడ దిగి ఉత్తరానికి నడిచారు. 86 డిగ్రీల 14 నిమిషాల దాకా వెళ్లి తిరిగారు. దారిలో ఒక్కో కుక్కనీ చంపి మిగతావాటికి పెడుతూ వచ్చారు. ఆగస్టుకి రెండే మిగిలాయి, నాన్సెన్‌ది కైఫాస్, యోహాన్సెన్‌ది సుగ్గెన్. ముందంతా నీళ్లు, ఇక కయాక్‌లనే చిన్న పడవలే గతి. తన కుక్కని తాను చంపుకోలేక ఒకరి కుక్కని ఒకరు తీసుకుని మంచు దిబ్బ అవతలికి వెళ్లారు. చెరొక తూటా. అంతకుముందు తూటాలు వృథా అని కత్తితోనే కానిచ్చేవాళ్లు. ఆ రెంటికి మాత్రం లెక్క చూసుకోలేదు.

పాత పశువైద్యుడు:

నాన్సెన్ సంగతి గుర్తుచేసి మంచి పని చేశారు. చదువరి గారు మింగుడు పడటం లేదన్న దానికి నా అనుభవంలోంచి ఒక మాట చెప్పి ఊరుకుంటాను.

నేను చాలా జంతువులకి ఆఖరి ఇంజెక్షన్ ఇచ్చాను. గదిలో ఉండలేక బయటికెళ్లే యజమానులే ఎక్కువమంది. వాళ్లకి ప్రేమ లేదని నేనెప్పుడూ అనుకోలేదు. కసాయి కొట్టు మజిలీలో ఎవరి జట్టులోంచి వాళ్లే చంపాలని ముందే మాట అనుకున్నారు. ఆ సాయంత్రం వంట అముండ్సెన్ తీసుకున్నాడు. డేరాలో కూర్చుని ప్రైమస్ స్టవ్‌ని మామూలు కంటే గట్టిగా పంపు కొట్టాడట, దాని చప్పుడులో బయట పేలే తుపాకులు వినపడకూడదని. ఇదీ ఆయనే రాశాడు. అయినా మొదటి పేలుడు వినపడింది. పదిహేను వాటాలు రాసిన మనిషే ఆ స్టవ్ సంగతీ రాశాడు. పుస్తకంలో మీరు ఆ పేజీ దాటేశారేమో, వెనక్కెళ్లి చూడండి.

ఇంకొక్కటి, ఇది నా వృత్తిపరమైన చాదస్తం. కుక్క మాంసం తినడంలో మనుషులకి ఇంకో ప్రమాదం ఉంది, కాలేయం. 1912 డిసెంబరు 14న అంటార్కిటికాలో ఆస్ట్రేలియా యాత్రికుడు మాసన్ బృందంలో నిన్నిస్ మంచు పగులులో పడిపోయాడు. ఆయనతో పాటు ఆరు మంచి కుక్కలు, డేరా, తిండిలో చాలా భాగం పోయాయి. మాసన్, మెర్ట్జ్ మిగిలిన కుక్కల్ని తింటూ తిరిగొచ్చారు. కాలేయం మెత్తగా ఉంటుంది కదా, అదీ బాగా తిన్నారు. మెర్ట్జ్‌కి చర్మం ఊడిపోయింది, మతి చలించింది, జనవరిలో చనిపోయాడు. అది విటమిన్ ఏ విషమై ఉండొచ్చని 1969లో ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు రాశారు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. లక్షణాలు చూస్తే నాకు మాత్రం విషమనే అనిపిస్తుంది.

రాత్రిపూట చదువరి:

స్టవ్ పేజీ దొరికింది డాక్టరు గారూ. నేను మొదటిసారి చదివినప్పుడు అది వంట గురించిన వాక్యం అనుకుని దాటేశాను.

ఆఖరి ప్రశ్న. ఆ 11 ఏమయ్యాయి?

పాత పశువైద్యుడు:

స్థావరం దగ్గర ఉన్నవాటితో కలిపి 39 కుక్కలు ఓడెక్కాయి. ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో 21ని మాసన్ యాత్రకి ఇచ్చేశారు, అవి మళ్లీ అంటార్కిటికాకే వెళ్లాయి. ధ్రువం చేరిన ఐదుగురిలో ఒకడైన విస్టింగ్ జట్టులోని కర్నల్ మాత్రం ధ్రువం చూసి నార్వే దాకా వెళ్లిన కుక్క. ఇప్పుడు ఆ ఖండం మీద కుక్కే లేదు. సీళ్లకి డిస్టెంపర్ లాంటి జబ్బులు అంటుతాయన్న భయంతో 1994 ఏప్రిల్ 1 లోపు అన్నిటినీ పంపేయాలని అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది. బ్రిటిష్ స్థావరంలోని ఆఖరి జట్టుని కెనడాలో ఇనుక్జువాక్ అనే ఇనుయిట్ ఊరికి పంపారు.

లెక్కలాయన:

39లో 21 తీస్తే 18. కసాయి కొట్టు నుంచి ధ్రువానికి బయల్దేరినవీ 18. ఊరికే గమనించాను, అర్థం ఏమీ లేదు.

రాత్రిపూట చదువరి:

మీరు కాసేపు అంకెలు ఆపండి సార్. మావాడు లేచాడు, బయటికి తీసుకెళ్లాలి.